రింగుకు నాలుగు వేళ్ళ కింద

ఎగరడం కూడా ఒక విద్యేనని, అది నేర్పడానికి సర్కారు ఒక సారుకు నెలనెలా జీతమిస్తుందని పగిడయ్య నలభై ఆరేళ్ళ వయసులో మొదటిసారి విన్నాడు. విని నోరు తెరుచుకుని అట్లాగే నిలబడిపోయాడు. ఇంటికి వచ్చి భార్య రామక్కను అడిగాడు.

"మేకకు ఎవలు నేర్పిన్రే ఎగురుడు? అది ఏ బడికి పోయింది?"

"మేకను కోసుకొని తింటరు. మన పిలగాణ్ణి గట్ల తినరు గద, నేర్చుకోనీ," అని రామక్క అంబలి ముంత ముందర పెట్టి తన పనికి పోయింది.

వాళ్ళుండేది ఇప్పగుంపులో. ములకలపల్లి దాటి, బస్సు వెనక్కి తిరిగే చోట దిగి, వాగు దాటి నడిస్తే వచ్చే ముప్పై ఇళ్ళ ఊరు. ఇళ్ళల్లో మాట్లాడుకునే భాష వేరు, బడిలో, సంతలో తెలుగు. వానలకు జొన్న, ఎండలకు తునికాకు, చలికాలం నుంచి వెదురు కూపు. కూపు అంటే ఆ ఏడాది వెదురు నరకడానికి అడవిలో హద్దు గీసిచ్చిన ముక్క. నరికిన వెదురును పది అడుగుల ముక్కలుగా కోసి కంట్రాక్టరుకు అప్పజెప్పాలి. పది అడుగులు ఉన్నదా లేదా అని తేల్చేది పగిడయ్య.

ఆ పని అతనికి ఊరికే రాలేదు. కంట్రాక్టరు వెంకటరామారావు కోస్తా నుంచి వచ్చి అశ్వారావుపేటలో ఇల్లు కట్టుకున్న మనిషి. పదమూడేళ్ళ కింద స్వయంగా పిలిచి పగిడయ్య చేతిలో ఒక పొన్నుకర్ర పెట్టాడు. నూనె పట్టించి నల్లబడ్డ టేకు కర్ర, రెండు కొసలకూ ఇనుప పొన్నులు, మధ్యలో కాల్చిన నాలుగు గీతలు. గీతకూ గీతకూ మధ్య అడుగు, మొత్తం ఐదు అడుగులు. నేల మీద వెదురు ముక్క పక్కన రెండుసార్లు వేస్తే పది. తగ్గిందా, ఆ ముక్క పక్కనున్న రద్దు కుప్పలోకి పోతుంది, నరికినవాళ్ళ కూలి లెక్కలోకి రాదు. "మీ మనిషి చేతిలోనే పెడుతున్నానయ్యా కర్ర. రేపు నన్నెవరూ ఏమీ అనకూడదు," అన్నాడు కంట్రాక్టరు. ఆ మాటతో పగిడయ్య నడకే మారిపోయింది. పెళ్ళికి పోయినా కర్ర, సంతకు పోయినా కర్ర. ఊళ్ళో ఎవరు గుడిసె వేసుకున్నా నడిమి నిట్రాట స్తంభం ఎత్తు చూడమని అతనికే కబురు.

అందుకే బడికి కొత్తగా వచ్చిన డ్రిల్లు సారు తుల్సీరాం కూడా పగిడయ్య దగ్గరికే వచ్చాడు. తుల్సీరాం వైరా పక్క తండా మనిషి, కబడ్డీ ఆటగాడు. 1985లో బడికి ఖమ్మం నుంచి ఒక చెక్కపెట్టె వచ్చింది. అందులో ఇనుప రింగు, వల, రెండు బాస్కెట్‌బాల్ బంతులు ఉన్నాయి. బడిలో ఉన్న కొలత సామానల్లా కొస విరిగిన స్కేలు బద్ద ఒక్కటే.

"పగిడన్నా, నేల నుంచి రింగు దాక పది అడుగులుండాలె. అంగుళం అటు ఇటు అయినా ఆట ఖరాబైతది," అన్నాడు సారు.

"నా కర్ర ఉండంగ అంగుళం ఎటు పోతది సారూ."

స్తంభం పాతి, మూడుసార్లు కొలిచి, సరిగ్గా రెండు కర్రల ఎత్తున రింగు బిగించాడు పగిడయ్య. సారు ముచ్చటపడి మొదటి బంతి విసిరాడు. అది రింగు దాకా పోకుండానే కింద పడింది. పది విసిరితే ఒకటి పడింది. "ట్రైనింగై ఆరేండ్లాయె, నా చెయ్యే మరిచిపోయినట్టుంది," అని సిగ్గుపడి నవ్వాడు. పాపం, పట్నంలో చదివొచ్చిన మనిషికి ఇంత కూడా చేతకాదా అని పగిడయ్యకు జాలేసింది.

ఆ కర్ర తప్పని అన్న మనిషి చుట్టుపక్కల ఒక్కతే ఉంది. ఆమె పగిడయ్య సొంత అక్క భీమక్క.

భీమక్క మొగుడు పోయిన మనిషి. ఆమెంత జల్దీగా వెదురు నరికేవాళ్ళు కూపు మొత్తంలో లేరు. ఆమె కర్రా తాడూ పెట్టి కొలిచేది కాదు. రెండు చేతులూ బారజాపి రెండు బారలు చూసి కోసేది. వయసులో ఉన్నప్పుడు ఎవరో ఫారెస్టు గార్డు టేపు పెట్టి చూసి, నీ రెండు బారలు సరిగ్గా పది అడుగులమ్మా అని చెప్పాడట. ఆ మాట పట్టుకుని బతికింది. అక్క కొలతేనని తమ్ముడు ఆమె ముక్కల మీద కర్ర వేసేవాడు కాదు. 1979లో ఒక రోజు వేసి, ఆమె నరికిన ముక్కలన్నీ, ఒక్కటి మిగలకుండా, రద్దు కుప్పలో వేయించాడు.

"నీ కర్ర తప్పు తమ్మీ. నా చేతులు పెరగలే, తగ్గలే," అంది భీమక్క, కూపు మొత్తం వింటుండగా.

"కర్ర తప్పైతదా? నీ చేతులే వంకర."

"అయితే ప్రమాణం చెయ్."

పగిడయ్యకు తిక్క నెత్తికెక్కింది. కర్రను నేల మీద పడేశాడు. "ఈ కర్ర అబద్ధమైతే నా కాళ్ళు పడిపోవాలె. నా ఒక్కనియే కాదు, నా ఇంట్ల కాళ్ళన్నీ పడిపోవాలె," అని ప్రమాణంగా అందరి ముందూ దాన్ని దాటాడు. ఇంట్లో పదేళ్ళ కొడుకు లచ్చయ్య ఉన్నాడన్న సంగతి ఆ కోపంలో గుర్తు రాలేదు. భీమక్క రద్దు కుప్పలోంచి తన ముక్క ఒకటి లాగి భుజాన వేసుకుని ఇంటిదారి పట్టింది. ఆ రోజు నుంచి మళ్ళీ కూపుకు రాలేదు, తమ్ముడి గడప తొక్కలేదు. ఒకే ఊళ్ళో రెండిళ్ళ అవతల ఉంటూ ఎదురైతే తల పక్కకు తిప్పుకుని పోయేది.

లచ్చయ్యను బడిలో ఆలస్యంగా వేశారు కాబట్టి రింగు పాతేనాటికి తొమ్మిదో తరగతిలో ఉన్నా పదహారేళ్ళున్నాయి. సన్నటి పిక్కలు, పొడుగాటి చేతులు. తుల్సీరాం సారు వారం రోజులు వాణ్ణి చూసి ఇంటికొచ్చాడు.

"నీ కొడుకు ఎగురుడు మామూలు ఎగురుడు కాదు పగిడన్నా. రెండేండ్లు నాకు ఇడిసిపెట్టు. బంతిని ఇసిరేది కాదు, పైకెగిరి చేత్తోటి రింగులకు గుద్దేటట్టు చేస్త. దాన్ని డంక్ అంటరు. నేనెరిగి ఈ జిల్లాల చేసినోడు లేడు. అది చేసిండంటే హైదరాబాద్ స్పోర్ట్సు హాస్టల్ల సీటు, తిండి, సదువు అన్నీ వాళ్ళే చూసుకుంటరు."

పగిడయ్య సరేనన్నాడు. అన్న రోజు నుంచి ప్రతి వారం ఏదో ఒకటి చూసి బిత్తరపోవడమే అతని పనయింది. సారు లచ్చయ్య వేళ్ళకు సుద్దపొడి రాసి గోడ పక్కన నిలబెట్టాడు. నిలబడి చెయ్యి చాపి ఒక గుర్తు, అక్కడే ఎగిరి ఒక గుర్తు. ఆ రెండింటి నడుమ ఎడమే వాడి ఎగురుడు, మిగతాదంతా వట్టి పొడుగు అన్నాడు. కర్ర పెట్టి చూస్తే రెండు గీతలకు కొంచెం తక్కువ. నలభై ఆరేళ్ళు బతికి, మనిషి పొడుగు వేరు, ఎగురుడు వేరు అని విడదీసి కొలవచ్చని పగిడయ్యకు ఎన్నడూ తట్టలేదు.

ఆ తర్వాత వాగు ఇసుక. ఇసుకలో మోకాలి లోతు గుంత తీసి, అందులో నిలబడి పైకి గెంతడం. తర్వాత ఇసుక సంచి భుజాన వేసుకుని గుంజీళ్ళు. ఆ తర్వాత మోకాలెత్తు మొద్దు మీద నుంచి కిందికి దూకి, నేల తాకిందో లేదో మళ్ళీ పైకి లేవడం. "నిప్పు మీద కాలు పడ్డట్టు లేవాలె. నేల మీద ఉన్నంతసేపు బలం కారిపోతది," అని సారు పక్కన నిలబడి చప్పట్లు కొట్టేవాడు. ఉరికొచ్చి ఎగిరేటప్పుడు చివరి రెండు అడుగుల్లో మొదటిది పెద్దది, రెండోది చిన్నది పడాలన్నాడు. చేతులు వెనక నుంచి ఊపుగా రావాలన్నాడు. పగిడయ్య కూడా ఎవరూ చూడకుండా పెరట్లో ఒకసారి అట్లా ఎగిరి చూసి, నడుం పట్టుకుని రెండు రోజులు పడుకున్నాడు.

అన్నిటికన్నా అతన్ని గాభరాపెట్టింది విశ్రాంతి. లచ్చయ్య ఆత్రానికి రోజూ ఎగిరి ఎగిరి మోకాళ్ళ కింద వాపు తెచ్చుకున్నాడు. సారు చూసి మండిపడ్డాడు. పదిహేను రోజులు ఒక్క గెంతు గెంతొద్దు, గుడ్లు, పప్పు, నిద్ర, అంతే అన్నాడు.

"నాగా పెడితే బలం పెరుగుతదా సారూ? ముప్పై ఏండ్ల సంది నేను ఒక్క నాగా పెట్టలే," అన్నాడు పగిడయ్య.

"అందుకే నీ మోకాళ్ళు కిర్రుమంటున్నయ్."

పదహారో రోజు లచ్చయ్య గోడ దగ్గర ఎగిరితే పాత గుర్తుకు మూడు వేళ్ళ పైన సుద్ద అంటింది. ఉత్తగా పడుకుని సంపాదించిన ఆ మూడు వేళ్ళను పగిడయ్య చాలాసేపు తడిమి చూశాడు.

రెండేళ్ళు గడిచేసరికి గోడ మీద ఎడం మూడు గీతలకు రెండు వేళ్ళు మాత్రమే తక్కువ. సారు ట్రైనింగు పుస్తకంలో అంత ఎగిరినవాళ్ళు అరుదు. అయినా రింగు అందలేదు. డంక్ మాట దేవుడెరుగు, వేలికొస కూడా తగల్లేదు. మొదట్లో మూరెడు తక్కువ, చివరికి నాలుగు వేళ్ళు తక్కువ. ఆ నాలుగు వేళ్ళ దగ్గర లచ్చయ్య ఆర్నెల్లు ఆగిపోయాడు. ఎగరడం, దిగడం, చెయ్యి చూసుకోవడం. కొన్ని రోజులు అన్నం ముందు కూర్చుని తినకుండా లేచిపోయేవాడు.

"నా వల్ల కాదు నాయనా. నా కాళ్ళల్ల అంతే ఉన్నది."

"ఇంక ఎగురు బిడ్డా. రింగు కిందికి రాదు, నువ్వే పైకి పోవాలె," అనేవాడు పగిడయ్య. తను బిగించిన రింగు అంత గట్టిదైనందుకు లోపల్లోపల కొంత గర్వం కూడా ఉండేది అతనికి.

ఒకసారి సారు నసుగుతూ అడిగాడు. "పగిడన్నా, రింగు ఎత్తు ఒక్కసారి మళ్ళ చూద్దమా?" అంతే, పగిడయ్య ముఖం మాడిపోయింది. నెల రోజులు బడివైపు రాలేదు. నెల తర్వాత వచ్చి, పిల్లలందరి ముందూ స్తంభానికి కర్ర ఆనించి రెండుసార్లు వేసి చూపించాడు. సరిగ్గా రెండు కర్రలు. సారు చేతులు జోడించి తప్పయిందన్నాడు. జిల్లా జట్టు ఎంపికకు ఖమ్మం రమ్మని కాగితం వచ్చేనాటికి ముగ్గురికీ ఆశ సన్నగిల్లింది. కనీసం ఎగురుడు చూసైనా తీసుకుంటారేమోనని సారు ఫారం నింపాడు. లచ్చయ్యకు అది ఆఖరి ఏడాది. వయసు దాటితే ఇంక పిలవరు. కొడుకుతో పాటు పగిడయ్యా బయల్దేరాడు, చేతిలో పొన్నుకర్రతో.

ఖమ్మంలో మొదటి దెబ్బ గేటు దగ్గరే తగిలింది. పేర్లు రాసుకునే గుమాస్తా లచ్చయ్యను గోడకున్న గీతల పక్కన నిలబెట్టి, "ఐదు తొమ్మిది," అని అరిచాడు.

పగిడయ్య నవ్వాడు. కొడుకును తను ఎన్నిసార్లు కొలిచాడో లెక్కలేదు. ఐదు అడుగుల మీద మూడు అంగుళాలు కూడా పూర్తిగా లేడు. "పట్నపోళ్ళ గోడ గిట్లనే ఉంటది. మంచిదే సారూ, పొడుగు రాసుకున్నరు, రాసుకోనీ," అన్నాడు తుల్సీరాంతో. సారు మాత్రం నవ్వలేదు. గోడ వైపు, కర్ర వైపు మార్చి మార్చి చూశాడు.

మైదానంలో నున్నటి సిమెంటు నేల, రెండు వైపులా తెల్ల బోర్డులు. ఆట మొదలుకాకముందు ఒక్కొక్కరినీ బంతితో ఉరికి రమ్మన్నారు. లచ్చయ్య వంతు వచ్చింది. ఆర్నెల్ల నుంచి ఎట్లా ఉరుకుతున్నాడో అట్లాగే ఉరికాడు. పెద్ద అడుగు, చిన్న అడుగు. నాలుగు వేళ్ళ కోసం ఒంట్లో ఉన్నదంతా కూడదీసుకుని పైకి లేచాడు.

ఠంగుమని మోత మోగింది. రింగు వాడి మణికట్టు కింద తగిలింది. బంతి ఎటో ఎగిరిపోయింది. లచ్చయ్య కింద పడి లేచి, ఎర్రగా కమిలిన చేతిని చూసుకున్నాడు. తలెత్తి రింగును చూశాడు. తండ్రి వైపు తిరిగాడు. వాడి ముఖంలో రక్తం లేదు.

"నాయనా, గిది కిందికున్నది."

 వరుసలో ఉన్న పిల్లలు చేతుల్లో బంతులు పట్టుకుని కొయ్యబారిపోయారు. రింగు అందని పిల్లలనే వాళ్ళు చూశారు, రింగు కిందికుందని ఫిర్యాదు చేసినవాణ్ణి ఎన్నడూ చూడలేదు.

పగిడయ్య గీతలు దాటి లోపలికి నడిచాడు. ఈల మెడలో వేసుకున్న పెద్దాయన ఒకాయన ఎదురొచ్చాడు. ఆటల పెద్ద వెంకటప్పయ్య, మధిర వైపు మనిషి.

"మీ రింగు పది అడుగులు లేదు సారూ. ఎవలు పాతిన్రో గని మోసం చేసిన్రు," అన్నాడు పగిడయ్య.

"ఏమయ్యా పెద్దమనిషీ, పదేళ్ళ నుంచి ఇక్కడ ఆడుతున్నారు. నీకెట్లా తెలిసింది?"

"నా కర్ర ఉన్నది. రెండు కర్రలు వేస్తే పది. వేసి చూపిస్త."

స్తంభానికి కర్ర ఆనించాడు. మొదటి కర్ర. దాని మీద రెండోది. రెండో కర్ర కొస రింగును దాటి అడుగు పైకి పోయింది. "చూసిన్రా," అన్నాడు పగిడయ్య అందరి వైపూ తిరిగి. వెంకటప్పయ్య ఓపికగల మనిషి. గదిలోంచి ఇనుప టేపు తెప్పించాడు. నేల నుంచి రింగు దాకా లాగి చూపించాడు. సరిగ్గా పది అడుగులు.

"మీ టేపు తప్పు," అన్నాడు పగిడయ్య.

పక్కన బెంచీలు చేస్తున్న వడ్రంగి దగ్గర ఇంకో టేపు ఉంది. దాన్నీ తెచ్చారు. అదీ పది అడుగులే చెప్పింది. అప్పుడు తుల్సీరాం సారు ఏమీ అనకుండా పగిడయ్య చేతిలోంచి కర్ర తీసుకుని నేల మీద పెట్టాడు. దాని పక్కన టేపు పరిచాడు. 

"ఐదు అడుగుల ఆరు అంగుళాలు, పగిడన్నా."

పగిడయ్యకు ఆ మాట చెవిలో పడింది కానీ లోపలికి దిగలేదు. వంగి టేపు మీద అంకెను వేలితో రుద్దాడు. సారు నేల మీదే కూర్చుండిపోయి, "రెండేండ్లు నీ కర్రకు దండం పెట్టి నా చేతిని తిట్టుకున్న. పిలగాడు పదకొండు అడుగుల రింగు కింద ఎగిరిండు," అన్నాడు.

కంట్రాక్టరు మోసం, కూపు, పదిహేనేళ్ళ రద్దు కుప్పలు, ఇవేవీ పగిడయ్యకు ముందు గుర్తు రాలేదు. తను దాటిన కర్ర గుర్తొచ్చింది. నా ఇంట్ల కాళ్ళన్నీ పడిపోవాలె అన్న తన గొంతు తనకే వినిపించింది.  తలెత్తి చూసేసరికి ఆట మొదలుపెట్టడానికి ఈల ఊదారు, లచ్చయ్య బంతి పట్టుకుని నడిమి గీత దగ్గర ఉన్నాడు. పగిడయ్య ఉరికిపోయి కొడుకు చెయ్యి పట్టుకున్నాడు.

"ఎగరకు బిడ్డా. నీకు దండం పెడత, ఇయాల ఎగరకు."

చుట్టూ నవ్వులు లేచాయి. లచ్చయ్య నమ్మలేనట్టు తండ్రి ముఖంలోకి చూశాడు.

"రెండేండ్ల సంది ఎగురు ఎగురు అన్నది నువ్వే గద నాయనా. ఇయాల ఎగరకుంటె ఇంకెప్పుడు ఎగురాలె?"

"ఇంటికి పోయినంక చెప్త. నా మాట ఇను. నీ కాళ్ళు..."

మాట పూర్తికాలేదు. వెంకటప్పయ్య వచ్చి అతన్ని భుజం పట్టి పక్కకు తీసుకుపోయాడు. ఈల మోగింది. పగిడయ్య గీత అవతల కూలబడ్డాడు. అతని కాళ్ళే మొదట చచ్చుబడ్డాయి. కొడుకు అడుగుల చప్పుడు వినిపించింది. ఏది పెద్ద అడుగో ఏది చిన్న అడుగో రెండేళ్ళుగా విన్న చెవులు, ఇట్టే తెలిసింది. భయంతో కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఇనుము కదిలిన మోత వచ్చింది. ఆ తర్వాత ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు. వాడి కాళ్ళు విరిగాయి అనుకున్నాడు. అంతలో మైదానం మొత్తం కేకలతో హోరెత్తింది.

కళ్ళు తెరిచాడు. బంతి వలలోంచి కిందికి జారుతోంది. లచ్చయ్య ఒంటిచేత్తో రింగు పట్టుకుని వేలాడుతున్నాడు. వాడి రెండు కాళ్ళూ గాలిలో ఆడుతున్నాయి. వాడు చెయ్యి వదిలి నేల మీద దిగి నిలబడ్డాడు. నిలబడి మళ్ళీ ఉరికాడు. పగిడయ్య తల మోకాళ్ళ మధ్య పెట్టుకుని ఏడ్చాడు.

సాయంత్రం పేర్లు చదివినప్పుడు లచ్చయ్యది రెండో పేరు. బస్టాండు ముందు దుకాణంలో సారు ఒక ఇనుప టేపు కొని పగిడయ్య చేతిలో పెట్టాడు. కర్ర దాటిన సంగతి పగిడయ్య బస్సులో ఇద్దరికీ చెప్పాడు. లచ్చయ్య విని ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. "అత్త నాతోని ఎందుకు మాట్లాడదో నాకు ఎవలూ చెప్పలే," అన్నాడు. 

మర్నాడు పొద్దున్నే పగిడయ్య అక్క ఇంటి ముందు నిలబడ్డాడు. ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో టేపు. భీమక్క వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. తలెత్తి చూసి, మళ్ళీ చేటలోకే చూసుకుంది.

"కర్ర తప్పక్కా. అరడుగు ఎక్కువున్నది," అన్నాడు.

చేట ఆగింది. ఆమె నిదానంగా లేచి చూరు కిందికి పోయింది. అక్కడ రెండు తాళ్ళకు అడ్డంగా ఒక వెదురు బొంగు వేలాడుతోంది. ఎనిమిదేళ్ళుగా బట్టలు ఆరేసుకునే దండెం అది. దాని మీది చీర తీసి భుజాన వేసుకుంది. బొంగును తాళ్ళలోంచి లాగి తమ్ముడి ముందు నేల మీద పడేసింది. రద్దు కుప్పలోంచి ఆమె ఎత్తుకుపోయిన ముక్క. పగిడయ్య టేపు లాగాడు. ఒక కొస పట్టుకుంటే రెండో కొస జారిపోతోంది. మూడుసార్లు జారింది. నాలుగోసారి భీమక్క వంగి ఆ కొసను బొటనవేలితో అదిమి పట్టుకుంది.

పది అడుగులు. పైన వేలెడు.

పగిడయ్య లేవలేకపోయాడు. కంట్రాక్టరును తిట్టడానికి దారంతా కూడబెట్టుకున్న మాటలు నోటికి రాలేదు. ఆ ముక్కను తను ఆ రోజు కాలితో నెట్టాడు.

"రద్దు కుప్ప ఎటు పోయేది తమ్మీ?" అడిగింది భీమక్క.

పగిడయ్య ఉలిక్కిపడ్డాడు. ఆ ప్రశ్న తనను ఎవరూ అడగలేదు, తనను తను కూడా అడుక్కోలేదు. ప్రతి ఏడూ కూపు మూసే రోజు ఆఖరి లారీ వచ్చేది. పనికిరావని పక్కన పడేసిన ముక్కలన్నీ ఎక్కించుకుని పోయేది. తను కుప్ప పక్కనే కర్ర పట్టుకుని నిలబడేవాడు.

"లారీ ఎక్కింది," అన్నాడు.

"నువ్వు చూసినవా?"

"చూసిన."

భీమక్క లేచి నిలబడింది. "కాళ్ళు పడిపోవాలె అంటివి. పిలగాడు ఎగిరిండట, రాత్రే తెలిసింది. నీ కాళ్ళు గూడ మంచిగనే ఉన్నయ్. ఎనిమిదేండ్ల సంది కూపు తొవ్వ తొక్కనియి నా కాళ్ళే," అంది. ఆమె గొంతు పెంచలేదు. పగిడయ్య తల దించుకుని కర్ర ఆమె ముందు పెట్టబోయాడు. ఆమె చేత్తో ఆపింది.

"ఈడ కాదు. అందరి ముందల దాటినవ్ గద."

కొత్త కూపు తెరిచిన రోజు వెంకటరామారావు జీపులో వచ్చాడు. నలభై మంది కత్తులు పట్టుకుని నిలబడి ఉన్నారు. పగిడయ్య మధ్యలోకి వచ్చి కర్రను నేల మీద పెట్టాడు. దాని పక్కన టేపు లాగి, "ఆ కొస ఎవలన్న పట్టుండ్రి," అన్నాడు. ఎవరూ కదల్లేదు. కర్ర పక్కన ఇంకో కొలత పెట్టడమేమిటో ఎవరికీ అంతుపట్టలేదు.

"ఏంటి పగిడయ్యా ఇది?" అన్నాడు కంట్రాక్టరు.

వెనక నుంచి జనం పక్కకు జరిగారు. భీమక్క నడిచి వచ్చి, కూర్చుని, టేపు కొస పట్టుకుంది. లచ్చయ్య వంగి అంకె చదివాడు. "ఐదు అడుగుల ఆరు అంగుళాలు," అని గట్టిగా చెప్పి, అందరికీ అర్థం కావాలని ఇంటి భాషలో కూడా చెప్పాడు. కంట్రాక్టరు ముఖం పాలిపోయింది. జీపు వైపు ఒక అడుగు వేసి ఆగిపోయాడు, ఎందుకంటే జీపు చుట్టూ కూడా మనుషులున్నారు.

"కర్ర ఇచ్చింది ఆయన," అన్నాడు పగిడయ్య.  "రద్దు కుప్ప లారీ ఎక్కుతుంటే పదిహేనేండ్లు చూసుకుంట నిలబడ్డది నేను. అడగలే. నాకు తెల్వదని నేను చెప్పను."

 కొందరు అతన్ని కొత్త మనిషిని చూసినట్టు చూశారు. అతని చేత్తో రద్దయిన ముక్కలు వాళ్ళలో ప్రతి ఒక్కరికీ గుర్తున్నాయి. పగిడయ్య ఆ రోజు దాటినట్టే, ఈసారి అవతలి వైపు నుంచి, ఆ ప్రమాణం తప్పని ఒప్పుకుంటూ కర్రను వెనక్కి దాటి నిలబడ్డాడు. ఏ అరుపు వస్తుందో, ఏ దెబ్బ పడుతుందో అని ఎదురుచూశాడు.

ముందు వరుసలోని ముసలాయన ఒకాయన ఆ పొద్దున నరికిన తన మొదటి వెదురు ముక్క తెచ్చి, కొలువు అన్నట్టు టేపు పక్కన పడేశాడు. పగిడయ్య అక్క వైపు చూశాడు. భీమక్క తన చేతిలోని కొస వదల్లేదు.